సిగ్నల్ యాప్: ఏళ్ల తరబడి వాడాక

"వాట్సాప్ తీసేసి సిగ్నల్ పెట్టుకోండి, సేఫ్" అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో సగమే నిజం. మెసేజ్‌ను దారిలో ఎవరూ చదవకుండా చూడటం వరకైతే వాట్సాప్ కూడా ఆ పని బాగానే చేస్తుంది. 2016 నుంచి అది వాడుతున్నది సిగ్నల్ వాళ్ల ప్రోటోకాలే, అంటే మెసేజ్‌కి తాళం వేసే పద్ధతి. తేడా అంతా సర్వర్‌లో మన గురించి ఏం మిగులుతుందన్న చోట వస్తుంది. 2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) సిగ్నల్‌కి సమన్లు పంపి ఖాతా వివరాలు అడిగితే, వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. 2021లో కాలిఫోర్నియా నుంచి మళ్లీ సమన్లు వచ్చినప్పుడూ ఇవే రెండు. ఎవరితో మాట్లాడారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు అన్న జాబితా వాళ్ల దగ్గర లేదు కాబట్టి ఇవ్వలేదు. అవతల వాట్సాప్ 2021 ప్రైవసీ పాలసీ మీద మన దేశ కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో దాని యజమాని మెటాకి 213.14 కోట్ల జరిమానా వేసింది. గొడవ మెసేజ్‌ల గురించి కాదు, వాటి చుట్టూ పోగయ్యే డేటా గురించి.

కాబట్టి సిగ్నల్ ఎందుకు అన్న ప్రశ్న నా వరకు తేలిపోయింది. దాన్ని వాడటంలో జనం ఎక్కడ దెబ్బతింటున్నారన్నదే ఇక మిగిలింది. దాదాపు అన్ని దెబ్బలూ ఎన్‌క్రిప్షన్‌కి (మెసేజ్‌ను ఇతరులు చదవలేని కోడ్‌గా మార్చడానికి) బయటే తగులుతున్నాయి.

మొదటిది ఫోన్ నంబర్. నంబర్ లేకుండా సిగ్నల్ ఖాతా తెరవలేం, ఇది ఈ యాప్‌కి పాత రోగం. 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్‌లు వచ్చాక కొంత ఊరట. సెట్టింగ్స్ → ప్రైవసీ → ఫోన్ నంబర్‌లోకి వెళ్తే రెండు ఆప్షన్లు ఉంటాయి. మన నంబర్ ఎవరికి కనిపించాలన్నది మొదటిది, అది ముందే 'నోబడీ' మీద ఉంటుంది. నంబర్ కొట్టి మనల్ని ఎవరు వెతకొచ్చన్నది రెండోది, అది 'ఎవ్రీబడీ' మీద ఉంటుంది. చాలామంది మొదటిది చూసి పనైపోయిందనుకుంటారు. రెండోదాన్ని కూడా మార్చుకుంటేనే, ఎక్కడో నంబర్ దొరికిన అపరిచితుడికి మీరు సిగ్నల్‌లో ఉన్నట్టు తెలియకుండా ఉంటుంది. అయితే అప్పుడు కొత్తగా చేరే చుట్టాలకు కూడా మీరు దొరకరు, యూజర్‌నేమ్ చెప్పాల్సి వస్తుంది. దాని చివర చుక్క, కనీసం రెండు అంకెలు ఉంటాయి. అచ్చంగా అదే కొడితే తప్ప మనిషి దొరకడు. అపార్ట్‌మెంట్ గ్రూపుకి, ట్యూషన్ గ్రూపుకి ఇది బంగారం. గ్రూపులో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లకి మన నంబర్ కనిపించదు. మన నంబర్‌ను ముందే సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

నంబర్‌తో అసలు చిక్కు రీచార్జ్ ఆపేసిన రెండో సిమ్ దగ్గర వస్తుంది. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా వదిలేస్తే కనెక్షన్ తీసేయొచ్చు. ఆ తర్వాత మరికొంత కాలానికి అదే నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. ఆ కొత్త మనిషి సిగ్నల్ పెట్టుకుంటే మీ ఖాతా ఊడుతుంది. పాత మెసేజ్‌లు అతనికి పోవు, అవి మీ ఫోన్‌లోనే ఉంటాయి. కానీ మీకని పంపే కొత్త మెసేజ్‌లు అతనికి చేరతాయి. 'సేఫ్టీ నంబర్ (అవతల ఉన్నది అదే మనిషా అని సరిచూసుకునే అంకెలు) మారింది' అన్న చిన్న లైను అవతలివాళ్లకు కనిపిస్తుంది. దాన్ని ఎంతమంది పట్టించుకుంటారో మీకే తెలుసు.

దీనికి మందు రిజిస్ట్రేషన్ లాక్, అది సెట్టింగ్స్ → అకౌంట్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే ఓటీపీ ఒక్కటే సరిపోదు, మీ సిగ్నల్ పిన్ కూడా కొట్టాలి. సిమ్ స్వాప్ మోసాలకూ (మీ నంబర్‌తో దొంగ డూప్లికేట్ సిమ్ తీసుకోవడం) ఇదే అడ్డుకట్ట. దీనికో పరిమితి ఉంది: ఖాతా 7 రోజులు ఏ కదలికా లేకుండా పడి ఉంటే ఈ తాళం దానంతటదే ఊడిపోతుంది. కాబట్టి సిమ్ వదిలేసే ఆలోచన ఉంటే, పోయేదాకా ఆగకుండా అదే అకౌంట్ పేజీలోని 'చేంజ్ ఫోన్ నంబర్'తో కొత్త నంబర్‌కి మారిపోండి. చాట్లు, గ్రూపులు అన్నీ అలాగే ఉంటాయి.

ఇక్కడే ఇంకో గందరగోళం. సిగ్నల్ పిన్, స్క్రీన్ లాక్, బ్యాకప్ కీ — ఈ మూడూ వేర్వేరు. పిన్ అంటే ఖాతా తాళం. ప్రొఫైల్, సెట్టింగ్స్, కాంటాక్టులు దానితో తిరిగొస్తాయి, మెసేజ్‌లు మాత్రం రావు. స్క్రీన్ లాక్ అంటే యాప్ తెరిచేటప్పుడు అడిగే వేలిముద్ర. బ్యాకప్ కీ లేకపోతే బ్యాకప్ ఫైలు ఉన్నా తెరుచుకోదు. ఒకటి గుర్తుంటే మిగతావి అక్కర్లేదనుకోవడం వల్లే చాట్లు పోగొట్టుకుంటారు. పిన్ నాలుగంకెలైనా ఒప్పుకుంటుంది కానీ, అక్షరాలతో కలిపి పెట్టుకునే వీలుంది, అలాగే పెట్టండి.

2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశంతో ఈ నంబర్ వ్యవహారం ఇంకా ముదిరింది. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై వంటి యాప్‌లు ఏ సిమ్‌తో రిజిస్టర్ అయ్యాయో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచెయ్యాలని, వెబ్ వెర్షన్ ఆరు గంటలకోసారి లాగౌట్ అయి మళ్లీ క్యూఆర్ స్కాన్ అడగాలని, ఇదంతా 90 రోజుల్లో అమలు కావాలని దాని సారాంశం. సైబర్ మోసాలను ఆపడానికన్నారు. మోసం చేసేవాడు దొంగ సిమ్‌ను ఫోన్‌లోనే పెట్టుకుని చేస్తే ఏమవుతుందన్నదానికి ఇందులో నాకు జవాబు దొరకలేదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ, ఇండియా నంబర్‌తో ఖాతా తెరిచి, ఆ సిమ్‌ను ఇంట్లో డ్రాయర్‌లో పడేసినవాళ్లకి ఇది నేరుగా తగిలే దెబ్బ. సిమ్ ఫోన్‌లో ఉండి రోమింగ్‌లో ఉంటే ఇబ్బంది లేదని ప్రభుత్వం చెప్పింది. కానీ ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే మోడళ్లకు సిమ్ ట్రే లేదు. అలాంటప్పుడు ఇండియా నంబర్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. ఆ పనేదో ఇక్కడికి సెలవులకు వచ్చినప్పుడే చేసుకోవడం తేలిక. సిగ్నల్‌లో అంతకంటే సులువైన దారి ఒకటుంది: ఖాతాను అమెరికా నంబర్‌కే మార్చేయడం. ఇంట్లోవాళ్లకు చాట్‌లో 'నంబర్ మారింది' అని ఒక లైను కనిపిస్తుంది, అంతే.

ఇక బ్యాకప్. దీని విషయంలో సిగ్నల్‌ను వెనకేసుకు రాలేను. ఆండ్రాయిడ్‌లో చాలాకాలం లోకల్ బ్యాకప్ ఒక్కటే దిక్కు. ఆన్ చేయగానే 30 అంకెల పాస్‌ఫ్రేజ్ (ఇదే బ్యాకప్ కీ) చూపిస్తుంది, అది రాసుకోకపోతే అంతే సంగతులు. ఫైలు ఫోన్‌లోనే తయారవుతుంది కాబట్టి ఫోన్ పోతే బ్యాకప్ కూడా పోతుంది. అప్పుడప్పుడూ కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోవాల్సిందే. ఐఫోన్ వాళ్లకు ఏళ్లపాటు ఆ మాత్రం కూడా లేదు. 2025 సెప్టెంబరులో మొదలైన సెక్యూర్ బ్యాకప్స్‌తో పరిస్థితి మారింది. టెక్స్ట్ 100 ఎంబీ వరకు, ఫొటోలు వీడియోలు చివరి 45 రోజులవి ఉచితం. నెలకు 1.99 డాలర్లు కడితే 100 జీబీ వరకు. దీని బ్యాకప్ కీని రికవరీ కీ అంటారు, అది 64 అక్షరాలు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకోవద్దు, పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి, లేదా కాగితం మీద రాసి బీరువాలో దాచండి. ఆ కీ పోతే సిగ్నల్ వాళ్లు కూడా ఏమీ చెయ్యలేరు.

కొత్త ఫోన్ కొన్నప్పుడు వరస తప్పడమే అసలు ప్రమాదం. పాత ఫోన్‌లో యాప్ తీసేయకుండానే, కొత్త ఫోన్‌లో సిగ్నల్ తెరిచి, మొదటి స్క్రీన్లలో వచ్చే 'రీస్టోర్ ఆర్ ట్రాన్స్‌ఫర్' నొక్కాలి. తొందరపడి దాన్ని దాటేసి ఓటీపీ కొట్టేస్తే ఖాతా వస్తుంది కానీ చాట్ లిస్టు ఖాళీగా ఉంటుంది. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి నేరుగా ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు రెండు ఫోన్లలోనూ వైఫై, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి. ప్రైవసీ యాప్‌కి లొకేషన్ ఎందుకని చాలామంది అక్కడే ఆగిపోతారు. పక్కనున్న ఫోన్‌ను వైఫై డైరెక్ట్‌తో వెతకడానికి ఆండ్రాయిడే ఆ పర్మిషన్ అడుగుతుంది, పనయ్యాక ఆపేసుకోవచ్చు.

"సిగ్నల్‌లో మెసేజ్ లేటుగా వస్తోంది" అన్న ఫిర్యాదు ఎక్కువగా బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌లను చంపేసే ఫోన్లలోనే. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని 'నో రిస్ట్రిక్షన్స్' చెయ్యాలి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చెయ్యాలి, రీసెంట్స్‌లో యాప్‌కి తాళం గుర్తు పెట్టాలి. మూడూ చేస్తేనే ఫలితం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక ఈ సెట్టింగ్స్ మళ్లీ మొదటికొచ్చే ఫోన్లు ఉన్నాయి, ఒకసారి చూసుకోండి. గూగుల్ ద్వారా వచ్చే నోటిఫికేషన్‌లో మెసేజ్ ఉండదు, యాప్‌ను నిద్రలేపే ఖాళీ సంకేతం మాత్రమే ఉంటుంది. ఫోన్ ఆ యాప్‌ను లేవనివ్వకపోతే మెసేజ్ సర్వర్‌లోనే వేచి ఉంటుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే కీబోర్డులు ఎన్నో ఉన్నాయి. మెసేజ్ ఎన్‌క్రిప్ట్ అయ్యేలోపే ప్రతి అక్షరాన్నీ కీబోర్డ్ చూస్తుంది. సెట్టింగ్స్ → ప్రైవసీలో 'ఇన్‌కాగ్నిటో కీబోర్డ్' ఉంది కానీ అది కీబోర్డ్‌కి 'నేర్చుకోవద్దు' అని చేసే విన్నపం మాత్రమే, వినాలని లేదు. ఊరూపేరూ లేని కీబోర్డ్ యాప్ పెట్టుకుని సిగ్నల్ వాడటం దండగ. వాయిస్ టైపింగ్ సంగతీ అంతే, ఆఫ్‌లైన్ భాషా ప్యాక్ లేకపోతే మీ గొంతు వేరే కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది.

2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, చాట్లలో గంజాయి అన్న మాట వెతికిన సంగతి గుర్తుండే ఉంటుంది. తెరిచి ఉన్న ఫోన్ ముందు ఏ ఎన్‌క్రిప్షనూ పనిచెయ్యదు. అక్కడ ఉపయోగపడేవి స్క్రీన్ లాక్, డిసప్పియరింగ్ మెసేజెస్ (గడువు తీరగానే వాటంతటవే మాయమయ్యే మెసేజ్‌లు). ప్రైవసీ పేజీలో డిఫాల్ట్ టైమర్ పెట్టుకోవచ్చు, గరిష్ఠం నాలుగు వారాలు. అయితే అది కొత్తగా మొదలయ్యే చాట్లకే వర్తిస్తుంది, పాత చాట్లలో ఒక్కోదానికీ విడిగా పెట్టాలి. లాక్ స్క్రీన్ మీద పేరు, మెసేజ్ కనిపించకుండా నోటిఫికేషన్ సెట్టింగ్ మార్చకపోతే ఇదంతా చేసీ లాభం లేదు.

చట్టం సంగతికొస్తే, ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద డీక్రిప్ట్ చేయడానికి (కోడ్ విప్పడానికి) సహకరించమని కంపెనీనే కాదు, ఫోన్ యజమానినీ అడగొచ్చు. కాదంటే ఏడేళ్ల వరకు జైలు అని అందులో రాసి ఉంది. పాస్‌వర్డ్ చెప్పమనడం, తన మీద తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమా కాదా అన్నదాని మీద కోర్టులు ఒకే మాట మీద లేవు. 2021 ఐటీ రూల్స్‌లోని 4(2) ఇంకో మెట్టు ఎక్కి, 50 లక్షలకు పైగా రిజిస్టర్డ్ యూజర్లున్న మెసేజింగ్ సంస్థలు ఒక మెసేజ్‌ను మొదట పంపింది ఎవరో చెప్పగలగాలంటుంది. వాట్సాప్ దాని మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది. ఎవరెవరితో మాట్లాడారన్న రికార్డే ఉంచుకోని సిగ్నల్‌కి ఆ రూల్ పాటించాలంటే యాప్‌ను మళ్లీ మొదట్నుంచి రాసుకోవాల్సిందే. 2023 మేలో కేంద్రం 14 మెసేజింగ్ యాప్‌లను బ్లాక్ చేసింది. ఎలిమెంట్, బ్రయర్, త్రీమా అందులో పోయాయి, సిగ్నల్ లేదు. రేపు అలాంటి జాబితాలో ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంటి గ్రూపుకి రెండో దారి ఒకటి ఉంచుకోవడం మంచిది.

యూఏఈలో ఉన్నవాళ్లు కాల్స్ కోసం సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడ లైసెన్సు లేని ఇంటర్నెట్ కాల్స్‌ను ఆపేస్తారు, వాట్సాప్ కాల్స్‌కి పట్టిన గతే దీనికీ. మెసేజ్‌లకు, వాయిస్ నోట్స్‌కి పర్లేదు. ఇండియాలో కాల్ నాణ్యత బాగుంటుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'ఆల్వేస్ రిలే కాల్స్' ఆన్ చేస్తే కాల్ సిగ్నల్ సర్వర్ మీదుగా వెళ్తుంది, మీ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) అవతలివాళ్లకి తెలియదు, బదులుగా కాల్ కొంచెం ఆలస్యంగా వినిపిస్తుంది. కాంటాక్టుల్లో లేనివాళ్ల కాల్స్ ఎలాగూ రిలే మీదుగానే వస్తాయి కాబట్టి చాలామందికి అది అక్కర్లేదు.

డెస్క్‌టాప్ యాప్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టకండి. మెసేజ్‌లుండే డేటాబేస్‌ను తెరిచే కీని చాలాకాలం మామూలు ఫైలులో, ఎవరైనా చదవగలిగేలా ఉంచారు. 2024లో విమర్శలొచ్చాక దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ తాళాల పెట్టెలోకి మార్చారు. అయినా ఆ కంప్యూటర్ మీద అడ్మిన్ హక్కులు మీ కంపెనీవి, మీవి కావు. క్యూఆర్ కోడ్‌ల విషయంలోనూ జాగ్రత్త. గ్రూపులో చేరండంటూ పంపే దొంగ క్యూఆర్ స్కాన్ చేస్తే, మీ ఖాతా వాళ్ల కంప్యూటర్‌కి లింకవుతుంది. ఆ తర్వాత ప్రతి మెసేజ్ వాళ్లకూ వెళ్తుంది. ఉక్రెయిన్ సైనికుల మీద రష్యా హ్యాకర్లు ఈ పద్ధతే వాడారని గూగుల్ 2025 ఫిబ్రవరిలో బయటపెట్టింది. సిగ్నల్ సపోర్ట్ పేరుతో చాట్‌లో వచ్చి ఓటీపీ, పిన్ అడిగేవాళ్లంతా దొంగలే. నెలకోసారి సెట్టింగ్స్ → లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, మీది కానిది కనిపిస్తే అక్కడికక్కడే అన్‌లింక్ చేసి పిన్ మార్చేయండి.