మోర్స్ నడిచిన వీధుల నుంచి పెరెజ్ ఇంటి దాకా

ఇంగ్లండులోని రెడింగ్‌లో మా అబ్బాయి ఇంట గడిపిన రెండు నెలల్లో, ఏళ్ల తరబడి టీవీలో చూస్తూ వచ్చిన రెండు ఊళ్లకు తప్పక వెళ్లాలని నేనూ మా ఆవిడా ముందే నిశ్చయించుకున్నాం. ఒకటి ఇన్‌స్పెక్టర్ మోర్స్ తిరిగిన ఆక్స్‌ఫర్డ్, రెండవది అదే పేరుగల ధారావాహికలో పోలీసు అధికారి జిమ్మీ పెరెజ్ పనిచేసిన షెట్‌లాండ్, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న దీవులు. బ్రిటిష్ పోలీసు పరిశోధన ధారావాహికలంటే మాకు ఉన్న ఇష్టం హంతకుడు ఎవరన్న ఉత్కంఠతోనే పుట్టింది కాదు. ఆ కథల్లోని పోలీసు సాధారణంగా తుపాకీ లేకుండానే ఇల్లిల్లూ తిరిగి తలుపు తడతాడు, అడిగిన ప్రశ్ననే ఓపికగా మళ్లీ అడుగుతాడు, ఆ తిరుగుడులో ఊరంతా మన కళ్లకు కడుతుంది. ఆ ఊరు తెర వెలుపల ఎలా ఉంటుందో చూడాలన్నదే మా కోరిక.

రెడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు రైలులో అరగంట. మోర్స్ ధారావాహిక 1987 నుంచి 2000 వరకు 33 భాగాలుగా వచ్చింది. ఆ తరువాత అతని సహచరుడు లూయిస్ కథ, ఆపైన మోర్స్ యౌవనాన్ని చెప్పే ఎండెవర్ వచ్చి, 2023 వరకు ఈ పరంపర సాగింది. ఆ ప్రదేశాలను నడిపించి చూపే గైడుతో వెళ్లాం, పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది. కథలో తరచుగా వినిపించే లాన్స్‌డేల్ కళాశాల నిజానికి లేదనీ, దాని పాత్రను చాలాసార్లు బ్రేజ్‌నోజ్ కళాశాల పోషించిందనీ ఆయన గేటు ముందు నిలబెట్టి చెప్పారు. మోర్స్ కుప్పకూలిన ఎక్సెటర్ కళాశాల ప్రాంగణంలో మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. నాలుగు వైపులా రాతి గోడలు, మధ్య కత్తిరించిన పచ్చిక, ఎక్కడి నుంచో పళ్లేల చప్పుడు. తెర మీద ఎంతో విశాలంగా కనిపించిన ఆ చోటు ఇంత చిన్నదా అని మా ఆవిడ చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాం. తోట వైపు గది అని రాసి ఉన్న ఒక అతిథి గృహంలో దిగితే, లిఫ్టు లేని మూడో అంతస్తులో, వంటగది పొగగొట్టం వైపు తెరుచుకునే కిటికీ దక్కింది. దగ్గరలో బంధువులున్న వారు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడమే మేలు. ప్రవేశ రుసుము లేని అష్మోలియన్ మ్యూజియంతో కలిపినా ఒక రోజు సరిపోతుంది.

షెట్‌లాండ్‌కు మాత్రం మూడు రాత్రులైనా కేటాయించాలి. స్కాట్లాండ్ రేవు అబర్డీన్ నుంచి షెట్‌లాండ్ ముఖ్య పట్టణమైన లెర్విక్‌కు నార్త్‌లింక్ ఓడ సాయంత్రం బయలుదేరి పన్నెండున్నర గంటలు ప్రయాణిస్తుంది, దారిలో ఆర్క్నీ దీవుల్లో ఆగే రోజుల్లో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. వాలు కుర్చీల్లో పడుకోవచ్చు గానీ, వయసు మళ్లినవారు డబ్బుకు వెనకాడకుండా పడక గది తీసుకోవాలని నా గట్టి సలహా. మా ఆవిడ కట్టుకొచ్చిన పులిహోర తిని ఆ ఊపులో పడుకున్నప్పుడు నాకొక సంగతి అర్థమైంది. పెరెజ్ కథల్లో శవపరీక్షకు శవాన్ని అబర్డీన్‌కు పంపేది ఇలాంటి ఓడలోనే. ఫలితం వచ్చేదాకా ఆ దీవిలోని వారంతా, హంతకునితో సహా, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి. ఇంట్లో కూర్చొని చూసేటప్పుడు నిదానంగా అనిపించిన ఆ కథనం వెనుక ఇంత సముద్రం ఉందని అంతవరకు నాకు తట్టలేదు.

లెర్విక్‌లో పెరెజ్ ఇల్లుగా చూపిన లాడ్‌బెర్రీ, పునాది సముద్రంలోనే వేసి కట్టిన పాత రాతి కట్టడం. పడవల నుంచి సరుకు నేరుగా లోపలికి దించుకోవడానికి వర్తకులు అలా కట్టుకున్నారు. అది ప్రైవేటు నివాసం కాబట్టి సందులో నిలబడే చూడాలి. పక్కనున్న చిన్న ఇసుక తీరానికి దిగే మెట్ల మీద కూర్చుంటే, అల వచ్చి గోడ అడుగున నల్లటి తడి చారను తాకి వెనక్కి పోవడం కనిపిస్తుంది. తెర మీద పోలీసు స్టేషనుగా కనిపించే భవనం అసలు న్యాయస్థానం. స్కాట్లాండ్‌లో అనుమానాస్పద మరణాల దర్యాప్తు ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ న్యాయవాది అజమాయిషీలో సాగుతుంది. ధారావాహికలో పెరెజ్ మాటిమాటికీ ఫిస్కల్‌కు సమాధానం చెప్పుకోవడానికి కారణం ఇదే.

మేము వెళ్లింది జూన్ చివర. రాత్రి పదకొండు దాటినా చీకటి పడని ఆ మసక వెలుగును అక్కడివారు సిమ్మర్ డిమ్ అంటారు. బస చేసిన ఇంటి యజమానురాలు మాంసం ముట్టమని తెలిసి, ప్రతి ఉదయం మాకు వేరే పెనం మీద పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టారు. బస్సులు ఆదివారం బాగా తక్కువ కాబట్టి దూరాలు వెళ్లే పనులు శనివారంలోగా ముగించుకోవాలి.

రెడింగ్ చేరిన రాత్రే షెట్‌లాండ్ ధారావాహిక మొదటి భాగం మళ్లీ పెట్టాం. లాడ్‌బెర్రీ కనిపించగానే మా ఆవిడ రిమోట్ నొక్కి బొమ్మను ఆపి, మేము కూర్చున్న మెట్లు ఏ పక్కన ఉండాలో మా అబ్బాయికి వేలు పెట్టి చూపించింది.