మూడేళ్ళుగా టోర్ బ్రిడ్జి నడుపుతున్నాను, నా అనుభవం ఇది

టోర్ అంటే మన నెట్ ట్రాఫిక్‌ని వలంటీర్లు నడిపే సర్వర్ల (రిలేల) గుండా తిప్పి, ఎవరు ఏం చూస్తున్నారో దాచే ఉచిత నెట్‌వర్క్. బ్రిడ్జి అంటే దాన్ని బ్లాక్ చేసిన చోట్ల లోపలికి వెళ్ళడానికి ఉండే చాటు దారి. 2022 సెప్టెంబర్‌లో, హిజాబ్ విషయంలో పోలీసులు పట్టుకున్న మహ్సా అమీనీ అనే యువతి చనిపోయాక ఇరాన్‌లో జనం రోడ్లమీదికి రావడం, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఆపేయడం చూసి ముందు బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాను, అది మన బ్రౌజర్‌నే అక్కడివాళ్ళకి టోర్‌లోకి తాత్కాలిక దారిగా మారుస్తుంది. రెండు క్లిక్కుల పని, ఎవరైనా చేయొచ్చు. కాకపోతే మనం ల్యాప్‌టాప్ మూస్తే అవతలివాళ్ళు ఇంకో దారి వెతుక్కోవాలి. అది మనసుకు పట్టక, నెల తిరక్కముందే యూరప్‌లో 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, టోర్ ట్రాఫిక్‌ని గుర్తుపట్టకుండా మార్చే ఓబీఎఫ్ఎస్4 (obfs4) రకం బ్రిడ్జి పెట్టాను.

టోర్ మామూలు రిలేల అడ్రసులన్నీ బహిరంగంగా దొరుకుతాయి కాబట్టి ప్రభుత్వాలు ఆ లిస్టు తీసుకుని బ్లాక్ చేసేస్తాయి. బ్రిడ్జిలు ఆ లిస్టులో ఉండవు, అడిగినవాళ్ళకి ఒకటీ రెండూ చొప్పున ఇస్తారు. ఇంట్లో ముందు టెన్షన్ పడ్డారు గానీ, బ్రిడ్జి లోపలికి వచ్చే గుమ్మం మాత్రమే, వాళ్ళు చూసే వెబ్‌సైట్లకి కనిపించేది చివరి రిలే అడ్రసు, మనది కాదు అని చెప్పాక ఊరుకున్నారు.

సర్వర్ ఎంచుకునేటప్పుడు స్పీడు చూసి మోసపోకండి. నాకు తెలిసొచ్చింది ఏంటంటే, నెలల తరబడి ఒకే అడ్రసు మీద ఆగకుండా నడవడమే అసలు సంగతి, ఎందుకంటే ఎవరో మన బ్రిడ్జి లైన్ (బ్రిడ్జి అడ్రసు, గుర్తింపు ఉండే వరుస) కాపీ చేసుకుని దాని మీదే ఆధారపడి ఉంటారు. అందరూ ఎగబడే పెద్ద కంపెనీల కంటే చిన్నవే నయం, బ్రిడ్జిలన్నీ ఒకేచోట ఉంటే ఒక్క దెబ్బకి పోతాయి.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి. పోర్టు 9001 పెట్టాను, అది టోర్‌దని అందరికీ తెలిసిన నంబరు, స్కాన్ చేసేవాళ్ళు ముందు వెతికేది దాన్నే. తర్వాత డేటా దాటకూడదని అకౌంటింగ్‌మ్యాక్స్ అనే డేటా లిమిట్ సెట్టింగ్ పెడితే 26వ తారీఖున లిమిట్ అయిపోయి బ్రిడ్జి నిద్రపోయింది, నేను చూసుకున్నది మూడు రోజుల తర్వాత. ఆ మూడు రోజులు ఎవరు ఎదురుచూశారో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. లిమిట్ బదులు స్పీడు తగ్గించుకోండి, నెలంతా నడుస్తుంది. ఇంకోసారి కీస్ ఫోల్డర్ బ్యాకప్ తీయకుండా ఓఎస్ మళ్ళీ ఎక్కించాను, బ్రిడ్జి గుర్తింపే పోయి, ఇచ్చిన పాత లైన్లన్నీ పనికిరాకుండా పోయాయి.

మొదట్లో వారాల తరబడి ఎవరూ రాలేదు. రోజూ సర్వర్‌లోకి వెళ్ళి ఏ దేశం నుంచి ఎందరు వచ్చారో చూపించే బ్రిడ్జ్-స్టాట్స్ ఫైల్ తెరిస్తే ఖాళీ. ఒక రోజు 'ఐఆర్=8' అని కనిపించింది, ఐఆర్ అంటే ఇరాన్. ఎవరినీ గుర్తుపట్టకూడదని అంకెల్ని పైనున్న ఎనిమిది గుణిజానికి సరిచేస్తారు, అంటే ఒక్కరున్నా 8 అనే చూపిస్తుంది. ఆ ఒక్కరి కోసమే నాకు కళ్ళు చెమర్చాయి.

2024 మార్చిలో వచ్చిన వెబ్‌టనెల్ అనే ఇంకో రకం బ్రిడ్జి కూడా దీనికి తోడుగా పెట్టాను. డొమైన్, సర్టిఫికెట్, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ కావాలి, పని ఎక్కువే, కానీ చూసేవాళ్ళకి మామూలు వెబ్‌సైట్ తెరిచినట్టే ఉంటుంది. ఓబీఎఫ్ఎస్4 ట్రాఫిక్ దేనిలాగానూ కనిపించదు, తెలిసిన రకం ట్రాఫిక్‌నే వదిలి మిగతాది ఆపేసే చోట అదే దానికి చిక్కు. రష్యాలో బ్లాకింగ్ పెరగడంతో ఆ ఏడాది చివరికల్లా 200 కొత్త వెబ్‌టనెల్ బ్రిడ్జిలు కావాలని టోర్ వాళ్ళు అడిగారు కూడా. కొత్తగా పెట్టేవాళ్ళు, సొంత డొమైన్ ఉంటే నేరుగా దీనికే వెళ్ళండి.

నెట్ పూర్తిగా కట్ చేస్తే, 2019లో కశ్మీర్‌లో చేసినట్టు, ఏ బ్రిడ్జీ ఏమీ చేయలేదు, అది తెలిసే పెట్టుకోవాలి.

నిన్న చూస్తే 'ఆర్‌యూ=24' అని ఉంది, ఆర్‌యూ అంటే రష్యా. సర్వర్‌కి ఇంకో ఏడాది అద్దె కట్టేశాను.