మల్బరీ పట్టుపురుగా, ఎరి పట్టుపురుగా: గూడు దగ్గరే అసలు తేడా

రెండిటి లైఫ్ సైకిల్ పైకి ఒకటే, గుడ్డు, పురుగు, ప్యూపా (గూటి లోపల పురుగు చిలకగా మారే దశ), చిలక (రెక్కల పురుగు). మల్బరీది మల్బరీ ఆకు తప్ప దాదాపు ఏదీ ముట్టదు, ఎరిది ఆముదం ఆకు ఇష్టంగా తింటుంది గానీ కర్రపెండలం ఆకు వేసినా సర్దుకుపోతుంది. రెండూ నాలుగు సార్లు జ్వరానికి కూర్చుంటాయి, అంటే మేత మానేసి తల పైకెత్తి కదలకుండా ఉండి పాత చర్మం వదిలేస్తాయి, ఆ టైంలో కదిలించకూడదు.

అసలు కథ గూడు కట్టేటప్పుడు మొదలవుతుంది. మల్బరీ పురుగు తల ఎనిమిది అంకెలా తిప్పుతూ రెండు మూడు రోజులు ఆగకుండా ఒకటే దారం వదుల్తుంది, మంచి గూడైతే కిలోమీటరు దాకా వస్తుంది, కానీ చిలక బయటికి రావాలంటే గూటిని తడిపి చిల్లు పెట్టాలి, అప్పుడు దారం తెగిపోతుంది కాబట్టి ముందే వేడితో ప్యూపాని చంపేస్తారు. ఎరి గూటికి ఒక చివర సందు ముందే ఉంటుంది, చిలక మామూలుగా బయటికొచ్చేస్తుంది, కాకపోతే దారం ముక్కలుముక్కలు, పత్తిలా వడకాల్సిందే, ఆ మెరుపు రాదు.

చిలకలు రెండూ ఏమీ తినవు, జతకట్టి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. మల్బరీది ఎగరలేదు కూడా, పాపం, వేల ఏళ్లుగా మనిషి పెంపకంలో ఉండి అలా అయిపోయింది.

మెరుపు కావాలంటే మల్బరీయే, ప్రాణం తియ్యడం ఇష్టం లేకపోతే ఎరి, నా ఓటైతే ఎరికే.