మైడీ88 నాకౌటా, ట్రిఫ్ నాకౌటా: ఏది మేలు?

ఈ ఏడాది బెంగళూరుకి పీహెచ్‌డీకి వచ్చిన మన తెలుగు పిల్లల్లో నలుగురు నన్ను ఇదే అడిగారు. మొన్న ఆదివారం మత్తికెరెలో మెస్‌లో కూర్చుంటే అనంతపురం అమ్మాయి పప్పన్నం కలుపుకుంటూనే మళ్లీ అడిగింది: "అక్కా, ఎల్‌పీఎస్ సిగ్నలింగ్ మీద పని చేయమన్నారు మా సార్. రెండు రకాల ఎలుకలూ పెంచడానికి యానిమల్ హౌస్‌లో చోటు లేదట. మైడీ88 తీసుకోనా, ట్రిఫ్ తీసుకోనా?" అక్కడ సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా. టీఎల్ఆర్‌లంటే క్రిముల ఆనవాళ్లను పసిగట్టే రిసెప్టర్లు, మైడీ88, ట్రిఫ్ ఆ కబురుని కణం లోపలికి అందించే ఎడాప్టర్ ప్రోటీన్లు, ఎల్‌పీఎస్ అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలోని పదార్థం, దాన్ని పసిగట్టేది టీఎల్ఆర్4. నాకౌట్ అంటే ఒక జీన్ తీసేసిన ఎలుక. ఇక నేరుగా విషయంలోకి వస్తా.

ఎవర్ని అడిగినా ముందు మైడీ88 అనే అంటారు, అందుకు కారణం ఉంది. ఒక్క టీఎల్ఆర్3 తప్ప మిగతా టీఎల్ఆర్‌లన్నీ దాన్ని వాడుకుంటాయి. ఒక చివర ఉన్న టీఐఆర్ డొమైన్‌తో రిసెప్టర్‌ని పట్టుకుంటుంది, రెండో చివర డెత్ డొమైన్‌తో, సిగ్నల్ని ముందుకు పంపే ఐరాక్4ని పోగుచేస్తుంది. 2010లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్‌లో 6 మైడీ88, 4 ఐరాక్4, 4 ఐరాక్2 మెట్లలా మెలితిరిగి పేర్చుకుని కనిపిస్తాయి. నాకౌట్ చేస్తే తేడా కంటికే తెలుస్తుంది. మాక్రోఫేజ్‌లకి (క్రిములను మింగే కణాలు) ఎల్‌పీఎస్ ఇచ్చి, మంట కబురు మోసే ఐఎల్-6 ఎంత వచ్చిందో రంగుతో చూపే ఎలైసా పెట్టి చివర్లో యాసిడ్ పోస్తే ప్లేటులో మామూలు ఎలుక బావులు ముదురు పసుపు తిరుగుతాయి, నాకౌట్ బావులు మంచినీళ్లలా ఉండిపోతాయి. మొదటి ఏడాది పిల్లలకి ఇంత స్పష్టమైన ఫలితం దొరికితే ఎంత ధైర్యం వస్తుందో నాకు తెలుసు.

కానీ అవే కణాలతో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్‌ని బ్యాండ్‌గా చూపే పరీక్ష) వేయండి. సిగ్నల్ అందగానే విరిగిపోయే ఐకప్పాబి-ఆల్ఫా బ్యాండ్ మామూలు కణాల్లో 15, 30 నిమిషాల గీతల దగ్గరే మాయమైపోతుంది. నాకౌట్‌లో అప్పటికి అలాగే ఉంటుంది, అంతా ఆగిపోయిందనుకుంటాం, ఆ తర్వాత మెల్లగా అదీ పలచబడుతుంది. 1998లో జపాన్‌లో అకీరా ల్యాబ్ ఈ నాకౌట్ ఎలుకని తయారుచేసింది, మరుసటి ఏడాదే ఈ ఆలస్యపు సిగ్నల్ని చూపించింది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో తేలడానికి 2003 దాకా పట్టింది. అదే ట్రిఫ్. జపాన్‌లో రెండు ల్యాబులు జీన్‌ని వెతికి పట్టుకున్నాయి, అమెరికాలో బాయిట్లర్ ల్యాబ్ ఎలుకల్లో మ్యుటేషన్లు పుట్టించి, వాటిలో తేడాగా ఉన్న ఎలుక నుంచి వెనక్కి నడిచి అదే జీన్ దగ్గరికి చేరింది. టీఎల్ఆర్4 కణం పైపొర మీద మైడీ88తో మాట్లాడి, ఎండోసోమ్‌లోకి దిగాక ట్రిఫ్‌తో మాట్లాడుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. మైడీ88 టీఎల్ఆర్‌ల సొంత ఆస్తి కాదు. ఐఎల్-1, ఐఎల్-18, ఐఎల్-33, ఐఎల్-36 రిసెప్టర్లు కూడా దాని మీదే ఆధారపడ్డాయి. మైడీ88 తీసేశామంటే ఎలుక బ్యాక్టీరియాని గుర్తుపట్టే దారినే కాదు, ఒక కణం ఇంకో కణానికి "ఇక్కడ మంట మొదలైంది" అని చెప్పే దారిని కూడా మూసేశాం. గిన్నెలో రెండు గంటల ప్రయోగమైతే పర్వాలేదు, ఐఎల్-1 సంగతి అంతగా అడ్డురాదు. బతికున్న ఎలుకలో ఇన్ఫెక్షన్ పెట్టి ఐదు రోజులు చూసే పనైతే మాత్రం కనిపించినదాన్ని "టీఎల్ఆర్ లేనందువల్ల" అని రాయడానికి వీల్లేదు. 2006లో స్టాఫ్ ఆరియస్ చర్మపు ఇన్ఫెక్షన్ మీద వచ్చిన పేపర్ ఒక్కసారి చదవండి: మైడీ88 లేని ఎలుకల్లో పుండు దగ్గరికి న్యూట్రోఫిల్స్ సరిగా చేరలేదు, ఐఎల్-1 రిసెప్టర్ లేని ఎలుకల్లోనూ అంతే, టీఎల్ఆర్2 లేని ఎలుకల్లో మాత్రం మామూలుగానే చేరాయి. అందరూ టీఎల్ఆర్ పని అనుకునేది అక్కడ ఐఎల్-1 పనిగా తేలింది.

నేను దీన్ని కష్టపడి నేర్చుకున్నాను. రెండో ఏడాది రివ్యూలో మైడీ88 నాకౌట్ ఇన్ఫెక్షన్ డేటా అంతా పెట్టాక కమిటీలో ఒక మేడమ్ "ఐఎల్-1 కంట్రోల్ ఏదమ్మా?" అని మెల్లగా అడిగారు. నా దగ్గర లేదు. అప్పుడు ఐఎల్-1ఆర్1 (ఐఎల్-1 రిసెప్టర్) నాకౌట్‌ల కోసం ఎథిక్స్ కమిటీ ఫారమ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, ఏడు నెలలు పోయాయి. మీకు అది జరగకూడదనే ఇంత గట్టిగా చెప్తున్నా.

ట్రిఫ్ పరిధి చిన్నది: టీఎల్ఆర్3, టీఎల్ఆర్4, అంతే. ఐఎల్-1 కుటుంబం జోలికి పోదు. ట్రిఫ్ దారిలో కదిలే ఐఆర్ఎఫ్3 ఫాస్ఫరైలేషన్, ఇంటర్‌ఫెరాన్-బీటా, సీఎక్స్‌సీఎల్10 చూస్తే ఏం పోయిందో, ఎందుకు పోయిందో ధీమాగా చెప్పొచ్చు. ఇబ్బందులు లేవని కాదు. మామూలు గ్రేడ్ ఎల్‌పీఎస్‌లో లైపోప్రోటీన్లు కలిసి ఉంటే అవి టీఎల్ఆర్2 ద్వారా మైడీ88 వైపు కదిలించేస్తాయి, ట్రిఫ్ వల్ల పోయినది ఆ సందడిలో కప్పబడిపోతుంది, కాబట్టి అల్ట్రాప్యూర్ కొనక తప్పదు. టీఎల్ఆర్3ని కదిలించే పాలీ ఐసీ (వైరస్ ఆర్‌ఎన్‌ఏని పోలిన పదార్థం) ఇచ్చి ఇంటర్‌ఫెరాన్ ఇంకా వస్తోందేంటని కంగారుపడకండి, అది టీఎల్ఆర్‌లతో సంబంధం లేని ఎండీఏ5, మావ్స్ దారిలో వస్తూ ఉండొచ్చు. ట్రిఫ్‌కి రిప్‌కే1, రిప్‌కే3 ద్వారా కణాల చావుతో కూడా సంబంధం ఉంది, క్యాస్పేస్ ఇన్హిబిటర్ వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మనుషుల సంగతికొస్తే మైడీ88దే పైచేయి, ఇందులో మొహమాటం లేదు. 2008లో ఈ ప్రోటీన్ పనిచేయని 9 మంది పిల్లల గురించి రాశారు. ఎలుకలో ఈ జీన్ తీసేస్తే రకరకాల క్రిములకు లొంగిపోతుంది, ఆ పిల్లలకు మాత్రం న్యూమోకాకస్, స్టాఫ్ లాంటి చీము పట్టించే బ్యాక్టీరియాతోనే ప్రాణాపాయం, చాలా వైరస్‌లను మామూలుగానే తట్టుకున్నారు. ఆ గండం గట్టెక్కినవాళ్లకు వయసు పెరిగేకొద్దీ ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. ఇంకోవైపు 2012లో వాల్డెన్‌స్ట్రామ్ అనే రక్త క్యాన్సర్ రోగుల్లో దాదాపు 90 శాతం మందిలో మైడీ88 జీన్‌లో ఎల్265పీ అనే ఒకే మార్పు కనిపించింది, అంటే ఈ జీన్ లేకపోయినా కష్టమే, ఆగకుండా పనిచేసినా కష్టమే. మీ గైడ్ డాక్టరై, రోగుల శాంపిల్స్ మీద పని చేసేవారైతే ఇంక ఆలోచించకుండా మైడీ88 వైపు వెళ్లండి.

మిగతా ఎడాప్టర్లలో టిరాప్, ట్రామ్ తర్వాత చూసుకోవచ్చు, సార్మ్ మొదటి ప్రాజెక్టుకి వద్దు. స్టింగ్, మావ్స్ వేరే ప్రశ్నకి జవాబులు. చోటు అసలే లేకపోతే టీహెచ్‌పీ-1 అనే మనిషి కణాల్లో క్రిస్పర్‌తో జీన్ తీసేసుకోండి, మొదటి రెండేళ్లకి సరిపోతుంది.

ఆ అమ్మాయికి ట్రిఫ్ తీసుకోమనే చెప్పాను. "మా సార్ మైడీ88 ఎలుకలు ఇప్పటికే తెప్పించేస్తే?" అంది. అప్పుడు మొదటి ప్లాన్‌లోనే ఐఎల్-1ఆర్1 నాకౌట్ గ్రూప్ రాయించుకో, అది కుదరకపోతే అనాకిన్రా అనే మందు ఇచ్చిన మామూలు ఎలుకల గ్రూప్ అయినా పెట్టించు, అనాకిన్రా ఐఎల్-1ని మాత్రమే ఆపుతుంది, ఐఎల్-18, ఐఎల్-33 దాని చేతిలో లేవని అదే పేజీలో రాసిపెట్టుకో అన్నాను. చెయ్యి కడుక్కొచ్చి ఫోన్‌లో అక్కడికక్కడే టైప్ చేసుకుంది.