సెర్చ్ కన్సోలా, స్క్రీమింగ్ ఫ్రాగా?

విశాఖ ఎంవీపీ కాలనీలో అరకు కాఫీ గింజలు అమ్మే చిన్న దుకాణం వెబ్‌సైట్‌ను రెండింటితోనూ పరీక్షించాను: గూగుల్ వెతుకులాటలో సైట్ ఎలా కనిపిస్తుందో చూపే గూగుల్ వారి సెర్చ్ కన్సోల్, సైట్ పేజీలను తనిఖీ చేసే స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే సాఫ్ట్‌వేర్.

స్క్రీమింగ్ ఫ్రాగ్ పేజీలన్నీ తిరిగి, శీర్షిక (వెతుకులాట ఫలితాల్లో కనిపించే పేజీ పేరు) లేనివాటినీ, ఒకే వివరణ అతికించినవాటినీ పట్టి ఇస్తుంది. ఉచితంగా 500 వెబ్ చిరునామాల (URL) వరకే. ఇక్కడ పదకొండు పేజీలకు ‘హోమ్’ అనే శీర్షికే ఉంది!

సెర్చ్ కన్సోల్ ఈ తనిఖీ చేయదు. అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు దానికే. జనం ఏ మాటలతో వెతికారో, ఎన్నిసార్లు కనిపించామో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో 16 నెలల లెక్క చూపిస్తుంది. ‘అరకు కాఫీ గింజలు’ అని వెతికినవారికి మా పేజీ కనిపిస్తున్నా ఎవరూ నొక్కడం లేదని అక్కడే తెలిసింది. ‘హోమ్’ తీసేసి ‘అరకు కాఫీ గింజలు: విశాఖలో ఇంటికే’ అని రాశాం.

పేజీ కోడ్‌లో వెతుకుపదాల జాబితా రాసే కీవర్డ్స్ ట్యాగ్ జోలికి పోలేదు. ర్యాంకింగుకు దాన్ని వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది.