గార్డెన్ వాల్ అంచున ఒంటరిగా 19 కిలోమీటర్లు

అవసరమైతే తప్ప నోరు తెరవనని ఇంట్లో నాకు పేరు. ఆ ఒక్క రోజు మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆపకుండా బయటికి వినపడేలా నాతో నేనే మాట్లాడుకున్నాను. మనుషులకు దూరంగా నిశ్శబ్దంగా నడవాలని వెళ్లినవాడిని, ఎలుగుబంట్ల పుణ్యమా అని వాగుడుకాయనై తిరిగొచ్చాను.

వెళ్లింది అమెరికాలో మోంటానా రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న గ్లేసియర్ నేషనల్ పార్కుకు. 1910లో ఏర్పడిన ఈ పార్కును అడ్డంగా చీల్చుకుంటూ ఒక కొండ రోడ్డు పోతుంది. పేరు గోయింగ్ టు ది సన్ రోడ్డు, పొడవు సుమారు 80 కిలోమీటర్లు. దాని శిఖరాన ఉన్న కనుమ లోగన్ పాస్, ఎత్తు 6,646 అడుగులు. అక్కడ మొదలై గార్డెన్ వాల్ అనే పెద్ద రాతిగోడ అంచున సాగి, లూప్ అనే మలుపు దగ్గర మళ్లీ రోడ్డు మీదికి దిగే కాలిబాటే హైలైన్. మొత్తం 19 కిలోమీటర్లు. ఇద్దరం వెళ్లాల్సింది. చివరి వారంలో మిత్రుడి మోకాలు మొరాయించింది. టికెట్లు వదులుకోవడం ఇష్టంలేక ఒక్కడినే బయల్దేరాను. అది ఆగస్టు మొదటి వారం. మంచు కరగక ఈ బాట కొన్నేళ్లు జులై దాకా తెరుచుకోదు, కాబట్టి జూన్‌లో వెళ్లేవారు ఆశలు పెట్టుకోకపోవడం మంచిది.

ముందురోజు సాయంత్రం సందర్శకుల కేంద్రంలో ఒక రేంజరును అడిగాను. ఒంటరిగా వెళ్లొద్దని ఆవిడ అనలేదు. వెళ్లమని కూడా అనలేదు. నలుగురు నడిచే బాటే ఎంచుకోమంది, తెల్లవారుజామున, చీకటి పడే వేళ నడవొద్దంది, మలుపుల దగ్గర, వాగుల పక్కన గట్టిగా మాట్లాడమంది. సంచికి చిన్న గంట కట్టుకుంటే చాలదా అని అడిగితే నవ్వి, గంట చప్పుడు ఎలుగుబంటికి చాలదు, మనిషి గొంతే కావాలంది. సమస్య అక్కడే వచ్చింది. ఒక్కడినే ఏం మాట్లాడాలి? రాత్రి పడుకుని ఆలోచిస్తే చిన్నప్పుడు బలవంతంగా నేర్పిన అరవై సంవత్సరాల పేర్లు గుర్తుకొచ్చాయి. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత. ఇన్నాళ్లకు అవి ఎందుకైనా పనికొచ్చాయని సంతోషించాను.

బస గురించి ముందే చెప్పేస్తాను. మొదటి రాత్రి పార్కు బయట, పడమటి వైపు ఊళ్లలో ఒక మోటెల్‌లో దిగాను. ప్రకటనలో పార్కుకు చేరువ అని ఉంది. ఆ చేరువ కారులో ముప్పావు గంట. గది శుభ్రంగానే ఉంది, మంచం మెత్తగానే ఉంది, కానీ అల్పాహారం ఏడింటికి గానీ తీయరట. ఏడింటికి ఇంకా గదిలో ఉన్నవాడికి లోగన్ పాస్ దగ్గర కారు పెట్టుకునే చోటు మీద ఆశ ఉండదు. కొండ ఎక్కేవాళ్లే ప్రధాన గిరాకీ అయిన చోట ఈ మాత్రం తెలియకపోవడం నాకు వింతగా తోచింది. రెండో రాత్రి పార్కు లోపలే, మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డునున్న ఆప్గార్‌లో గుడారం వేసుకున్నాను. నేల గట్టిగా ఉండి నడుము పట్టేసింది. అయినా మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటాను. తిండి, పళ్లపొడి, సబ్బు, వాసన వచ్చేది ఏదైనా సరే గుడారంలో ఉంచకూడదు. కారులోనో ఇనుప పెట్టెలోనో పెట్టి మూయాలి. ఈ నియమం ఎందుకొచ్చిందో నడక మధ్యలో ఒక రాతి ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట తర్వాత చెప్తాను.

ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రేను విమానంలో తీసుకెళ్లనివ్వరు, చేతి సంచిలోనూ వద్దంటారు, సామానులోనూ వద్దంటారు. నేను అద్దెకు తీసుకున్నాను. ఒక్క రోజు నడకకు కొనడం దండగ. కౌంటర్ దగ్గరి కుర్రాడు ఖాళీ డబ్బా ఒకటి చేతికిచ్చి, నడుము ఒర నుంచి లాగి, బొటనవేలితో భద్రతా క్లిప్పు తీసేదాకా నాలుగైదు సార్లు చేయించాడు. అందులో ఉన్నది మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసినే. పోపులో ఎండుమిరప మాడితే మనం ఇంట్లోంచి పరుగెత్తుతామే, అలాంటిది డబ్బాలో నింపారు. సుమారు 30 అడుగుల దూరం పోతుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. దోమల మందులా ఒంటికి పూసుకునేది కాదని కూడా చెప్పాడు. అలా పూసుకున్నవాళ్లున్నారట!

ఉదయం చీకటితోనే బయల్దేరి కారును లూప్ దగ్గర పెట్టాను. అక్కడి నుంచి పార్కువారి బస్సెక్కి లోగన్ పాస్ చేరాను. నడక ముగిసేది కారు దగ్గరే కాబట్టి సాయంత్రం కాళ్లు పీకుతున్నప్పుడు బస్సు కోసం కాచుకోనక్కర్లేదు. ఈ ఒక్క ఏర్పాటు మిగతా అన్నింటికంటే బాగా కలిసొచ్చింది. కారు ప్రవేశం, బస్సుల నియమాలు ఏటా మారుస్తున్నారు, వెళ్లేముందు పార్కు వెబ్‌సైటు చూసుకోవాలి. లోగన్ పాస్ దగ్గర మరుగుదొడ్లున్నాయి, తినడానికి ఏమీ అమ్మరు.

రోడ్డు దాటి కాస్త నడవగానే హైలైన్‌లో అందరూ చెప్పుకునే చోటు వచ్చేస్తుంది. కొండను తొలిచి చేసిన సన్నని అంచు. కుడివైపు గోడ, ఎడమవైపు గాలి, చాలా కింద రోడ్డు మీద బొమ్మల్లా కార్లు. పట్టుకోవడానికి గోడకు ఉక్కు తాడు బిగించి, చేతులు కోసుకోకుండా దానికి రబ్బరు గొట్టం తొడిగారు. నేను సగం దూరం వెళ్లేసరికి ఎదురుగా ఒక పర్వత మేక, దాని వెనకాల పిల్ల.

ఆగస్టు వచ్చినా తల్లికి చలికాలపు ఉన్ని పూర్తిగా రాలలేదు. భుజాల మీద పేలికలుగా వేలాడుతోంది, గాలికి ఒక పీలిక విడిపోయి లోయలోకి తేలుతూ పోయింది. కొమ్ములు నల్లగా, సన్నగా, దబ్బనాల్లా ఉన్నాయి. గిట్టలు రాతి మీద టకటకమంటాయనుకున్నాను. చప్పుడే లేదు. గిట్ట అంచు గట్టిగా, లోపలి మెత్త రబ్బరులా ఉంటుందట, అందుకే కాబోలు. అది నన్ను చూసింది, చూసి పట్టించుకోలేదు. తాడు దగ్గరికొచ్చి ఆ రబ్బరు గొట్టాన్ని నాకడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఎంతమంది చెమట చేతులు దాన్ని పట్టుకున్నాయో! గరగరమని నాలుక చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 91 మీటర్లు, మిగతా జంతువులకు 23 మీటర్లు ఎడంగా ఉండాలని పార్కు నియమం. బాటే నాలుగైదు అడుగుల వెడల్పు ఉన్నచోట ఆ లెక్క కుదరాలంటే వెనక్కి నడవడమే మార్గం. వెనక్కి తిరిగితే అప్పటికే పదిమంది చేరారు, అందరి చేతుల్లో ఫోన్లు. జరగండంటే జరగరు. ఒకాయన నా భుజం మీదుగా చేయి చాచి వీడియో తీస్తున్నాడు. అంత లోయ పక్కన నాకు మేక వల్ల కాదు, ఆ చేతి వల్ల వణుకు పుట్టింది. మెత్తగా కనిపించినా ఇది సాధు జంతువేమీ కాదు. 2010లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్కులో ఒక పోతుమేక కొమ్ములతో పొడిచి ఒక మనిషి ప్రాణం తీసింది. చివరికి నా వెనకున్న ఒక పెద్దావిడ బడిపిల్లలను అదిలించినట్టు అందరినీ అదిలించి, ముప్పై అడుగులు వెనక్కి నడిపించింది. మేక తాపీగా నాకడం ముగించి, నిటారుగా ఉన్న గోడలో నాకు కనిపించని మెట్లేవో వెతుక్కుని పైకి పోయింది. పిల్ల రెండుసార్లు జారి, తల్లిని అందుకుంది.

లోగన్ పాస్ మేకలు మనుషుల చుట్టూ ఇలా తిరగడానికి ఉప్పు ఒక్కటే కారణం కాదని పరిశోధకులు తేల్చారు. జనం ఉన్నచోటికి వేటాడే జంతువులు రావు, కాబట్టి మనల్ని అవి కంచెలా వాడుకుంటున్నాయి. వాటిని చూడ్డానికి మనం వెళ్లామనుకుంటాం గానీ, నిజానికి కాపలాకు వెళ్లామన్నమాట.

ఆ తర్వాత జనం పలచబడ్డారు. ప్రభవ నుంచి అక్షయ దాకా ఒక ఆవృత్తి, మళ్లీ ప్రభవ. హేస్టాక్ కనుమ దగ్గర కూర్చుని తింటుంటే మార్మట్ అనే ఉడుత జాతి పెద్ద జంతువొకటి నా ఊతకర్ర పట్టీని కొరకడానికి వచ్చింది. దానికీ చెమట ఉప్పే కావాలి. బొద్దుగా, బూడిదరంగు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది, ఈల వేస్తే మాత్రం పోలీసు ఈలే. గ్రినెల్ హిమానీనదాన్ని పైనుంచి చూపించే పక్కదారి ఒకటుంది, కిలోమీటరు దూరానికి దాదాపు వెయ్యి అడుగుల ఎక్కుడు. నేను సగం ఎక్కి దిగిపోయాను. తోడు ఉంటే ఎక్కేవాడినేమో, ఒక్కడినే ఉన్నప్పుడు కాళ్లలో బలం కొంత మిగుల్చుకోవాలనిపించింది.

పన్నెండు కిలోమీటర్లు దాటాక గ్రానైట్ పార్క్ షాలే వస్తుంది. 1914, 1915 ప్రాంతంలో గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్లు కట్టిన రాతి ఇల్లు. రాత్రి ఉండాలంటే నెలల ముందే గది దొరకబుచ్చుకోవాలి, తిండి మనమే మోసుకెళ్లాలి. కుళాయి నీళ్లు లేవు. పగటిపూట వెళ్లేవారికి సీసా నీళ్లు, చిరుతిళ్లు అమ్ముతారు. మూడు లీటర్ల నీళ్లు మోసినా అక్కడ మరో సీసా కొన్నాను, అది ఏమాత్రం దండగ కాలేదు. అరుగు మీది నుంచి కనిపించే లోయ ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఆ చోటికి ఒక చేదు గతం ఉంది. 1960లలో ఇక్కడ మిగిలిన తిండిని ఇంటి వెనక పారేసేవారు. చీకటి పడగానే గ్రిజ్లీలనే పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లు వచ్చి తింటుంటే అతిథులు వేడుకగా చూసేవారు. 1967 ఆగస్టు 13 తెల్లవారుజామున ఈ ఇంటికి దగ్గరలో ఒక యువతిని, అదే రాత్రి దూరంగా ట్రౌట్ సరస్సు దగ్గర మరో యువతిని రెండు వేర్వేరు గ్రిజ్లీలు చంపేశాయి. పార్కు చరిత్రలో ఎలుగుబంట్ల చేతిలో మనుషులు చనిపోవడం అదే మొదలు. చెత్త విషయంలో పార్కు కఠినంగా మారింది అప్పటి నుంచే. గుడారంలో పళ్లపొడి ఎందుకు ఉంచనివ్వరో అక్కడ కూర్చున్నాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి లూప్‌కు ఆరున్నర కిలోమీటర్లు, రెండు వేల అడుగులకు పైగా దిగుడు. 2003 కార్చిచ్చులో కాలిపోయిన అడవి ఇది. మోడులు వెండి రంగులో నిలబడి ఉన్నాయి, నీడ లేదు, కింద నడుమెత్తు పొదలు. మధ్యాహ్నపు ఎండ నెత్తిన ఉంది. ఆగస్టు కాబట్టి హకిల్‌బెర్రీలు పండాయి. పొదలు, పళ్లు, మలుపులు, ఒక్కడినే. గొంతు పెంచాను. మన్మథ అని, దుర్ముఖి అని, మలుపు తిరిగాను.

బాటకు దిగువన, యాభై అడుగుల దూరంలో పొదలు కదులుతున్నాయి. గోధుమరంగు వీపు. గుండె ఒక్కసారి ఆగినట్టయింది. గోధుమరంగు అనగానే గ్రిజ్లీ అనుకున్నాను. అది పొరపాటని చదివి కూడా ఉన్నాను, నల్ల ఎలుగుబంటి అన్న పేరున్నదే గోధుమరంగులోనూ ఉంటుంది. భుజం మీద మూపురం ఉందా, ముఖం పల్లంగా ఉందా చూడాలి. అది తల ఎత్తింది. మూపురం లేదు. చెవులు నిలువుగా, ముఖం పల్లం లేకుండా తిన్నగా. నల్ల ఎలుగుబంటే. పెదాలతో కొమ్మను పట్టి, తల పక్కకు లాగి, ఆకులతో సహా పళ్లు దూసుకుంటోంది. ఊదారంగు ఉమ్మి గడ్డం మీద కారుతోంది. అంత దగ్గర.

డబ్బా ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. ఆ కుర్రాడు చేయించిన సాధన వృథా పోలేదు. పరుగెత్తకూడదు, అరవకూడదు, వీపు చూపించకూడదు. "నా దారిన నేను పోతాను, నీ పళ్లు నువ్వు తిను" అని మామూలు గొంతుతో తెలుగులోనే చెప్పి, ఒక్కో అడుగే వెనక్కి వేసి మలుపు వెనక్కి చేరాను. గాలి నా ముఖం మీదికి వీస్తోందని అప్పుడు గమనించాను. స్ప్రే కొట్టి ఉంటే సగం నాకే తగిలేది.

కాసేపటికి పైనుంచి ఒక జంట దిగుతూ వచ్చింది. ముగ్గురం కలిసి నిలబడి, గట్టిగా మాట్లాడుకుంటూ పావుగంట ఆగాం. వాళ్లు వాతావరణం గురించి, నేను మోటెల్ అల్పాహారం గురించి. ఎలుగుబంటి తినడం చాలించి, మమ్మల్ని చూడకుండానే బాట దాటి పై పొదల్లోకి వెళ్లింది. ఆ జంట కలిసి నడుద్దామన్నారు. ఒక కిలోమీటరు నడిచాక వాళ్లు ఫొటోల కోసం ఆగారు, నేను ముందుకు సాగాను.

ఒంటరిగా వెళ్లేవారికి ఈ పార్కులో హైలైన్ మంచిదే, వేసవిలో మాత్రమే, ఎండ ఎక్కకముందే మొదలుపెడితేనే. అంచు భయం ఉన్నవారు రోడ్డుకు అవతలి వైపు హిడెన్ లేక్ చూసే చోటికి వెళ్లొచ్చు. రానూ పోనూ నాలుగున్నర కిలోమీటర్లు, చాలా భాగం చెక్క బాట, మేకలు అక్కడా కనిపిస్తాయి. కానీ జాతర జనం. షాలే నుంచి లూప్‌కు దిగే దారి వద్దనుకుంటే వచ్చిన దారినే తిరిగి వెళ్లొచ్చు, దూరం ఎక్కువ, దృశ్యాలు మాత్రం రెట్టింపు. నాకైతే ఆ కాలిన అడవిలో మోకాళ్లు కరిగిపోయాయి.

మరునాడు ఉదయం స్ప్రే తిరిగి ఇస్తే ఆ కుర్రాడు క్లిప్పు చూసి, తీశారా అని అడిగాడు. తీశాను, నొక్కలేదన్నాను. మంచిదని డబ్బా తుడిచి అరలో పెట్టాడు. దుర్ముఖి దగ్గర ఆగిన లెక్క నేను నిన్ననే పూర్తి చేశాను. మిగిలిన ముప్పై సంవత్సరాలు సరిగ్గా లూప్ దాకా వచ్చాయి.