మాసిన పిస్టల్ స్లైడ్‌కు ఏ పూత మేలు?

నా దగ్గరున్న .32 పిస్టల్ మొదట మిర్యాలగూడ పక్కన రైసు మిల్లు నడిపిన ఒక పెద్దాయనది. కొడుకులిద్దరూ ఆయుధం మాకొద్దన్నారు. వయసు మీద పడ్డాక దాన్ని కాపాడుకోవడం తన వల్ల కాదని ఆయనా అనుకున్నారు. ఆయన కలెక్టరేట్‌కూ పోలీస్ స్టేషన్‌కూ రాసి ఇవ్వడం, 45 రోజులు ఆగడం, నా లైసెన్స్‌లో దాని నంబరు ఎక్కడం అన్నీ అయ్యాకే అది నా చేతికొచ్చింది. లోపలి పని గట్టిగా ఉంది. బ్యారెల్ లోపలి గాడులు చెదరలేదు, స్ప్రింగు బిగువు తగ్గలేదు. స్లైడ్‌ను, అంటే పేల్చినప్పుడు వెనక్కూ ముందుకూ జరిగే పై భాగాన్ని, మాత్రం చూడలేకపోయేవాణ్ని. మూతి అంచులు తెల్లబడ్డాయి. వెనక వేళ్లు పట్టే గీతల దగ్గర నలుపంతా పోయి వట్టి ఇనుము కనిపిస్తోంది. ఎడమ పక్కన మధ్యలో గోధుమరంగు మచ్చలు గుంపుగా ఉన్నాయి.

ఏ పూత వేయించాలా అని అడగడం మొదలుపెడితే తలా ఒక మాట చెప్పారు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావ అప్పటికే తన పిస్టల్‌కు సిరామిక్ పూత వేయించాడు. "కళ్లు మూసుకుని అదే కొట్టించు బావా, మళ్లీ చూసుకునే పని లేదు" అన్నాడు. హైదరాబాద్‌లో నేను వెళ్లే గన్ హౌస్‌లోని ఉస్తాద్ వేరే ప్రశ్న వేశారు. "పూత సంగతి తర్వాత సార్. ముందు ఇది ఎందుకు పోయిందో చెప్పండి."

ఆ ప్రశ్నతోనే నాకు దారి దొరికింది. మూతి దగ్గర పోయింది తోలు పౌచ్ రాపిడికి. గీతల దగ్గర పోయింది చేతి చెమటకు. ఆ ఎడమ పక్క మచ్చల సంగతి తెలుసుకోవడానికి మళ్లీ మిర్యాలగూడ వెళ్లాను. పెద్దాయన చూసి చెప్పారు: "ప్రతి దసరాకు ఆయుధపూజలో పసుపు కుంకుమ అక్కడే పెట్టేవాళ్లం బాబూ. తెల్లారి దాకా తుడిచేవాళ్లం కాదు." తడి వేలితో పెట్టిన బొట్టు రాత్రంతా ఇనుము మీద ఉంటే తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది? అదీ ఏళ్ల తరబడి అదే చోట.

మనది సముద్రం పక్క ఊరు కాదు. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, గాలి ఎండిపోయి ఉంటుంది. ఇక్కడ ఇనుమును తినేది చెమట, తోలు, తడి చేయి. ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్లు ఉప్పునీటి పరీక్షలో ఏ పూత ఎన్ని గంటలు నిలిచిందో చూసి తీర్పు చెబుతుంటారు. ఆ గంటల లెక్క మన అవసరానికి కొలత కాదని నా నమ్మకం.

పూతలను పోల్చే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఒట్టి స్లైడే కదా అని బైకు సైలెన్సర్లకు క్రోమ్ వేసే షాపులో ఇచ్చి రాకండి. 1959 ఆయుధాల చట్టం కింద ఆయుధపు భాగాలూ ఆయుధమే. రిపేరు చేసేవాళ్లకూ లైసెన్స్ ఉండాలి. అదే చట్టంలో ఇంకొకటి ఉంది: ఆయుధం మీద కొట్టిన గుర్తింపు నంబరును చెరిపినా మార్చినా నేరం. మెరుగు పెట్టడమంటే లోహాన్ని గీకడమే కాబట్టి ఇది నేరుగా మన పనికి తగిలే మాట. నా స్లైడ్ మీద కూడా నంబరు ఉంది. పూత ఎంత అందంగా వచ్చినా ఆ నంబరు మసకబారితే నేను కలెక్టరేట్‌లో జవాబు చెప్పుకోవాలి. అందుకే ప్రతి పద్ధతినీ రెండు ప్రశ్నలతోనే చూశాను. నంబరుకు ఏమవుతుంది? నాలుగేళ్లకు మళ్లీ చేయించాల్సి వస్తే లోహానికి ఏమవుతుంది?

బ్లూయింగ్ అంటే రసాయనాలతో ఇనుమును నల్లబరచడం. మొదట చల్ల బ్లూయింగ్ వేయించాను, చవక కాబట్టి. సీసాలో దొరికే ద్రవం అది. సెలీనియం, రాగి లవణాలు కలిసి ఉంటాయి. జిడ్డు తీసేసిన ఇనుము మీద దూదితో రుద్దితే నిమిషంలో నల్లబడుతుంది. చూసి మురిసిపోయాను. కానీ ఆ నలుపు ఇనుములోంచి పుట్టింది కాదు, పైన పలచగా కూర్చున్నది. ఉస్తాద్ ముందే చెప్పారు, ఇది చిన్న గీతలు కప్పుకోవడానికే, మొత్తం స్లైడ్‌కు కాదు అని. నేను వినలేదు. 2023 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది, లైసెన్స్ ఉన్న చాలామందిలాగే పిస్టల్ డిపాజిట్ చేశాను. అదే తోలు పౌచ్‌లో పెట్టి ఇచ్చాను. డిసెంబరులో తెచ్చుకుని విప్పితే మూతి అంచులు మళ్లీ తెల్లగా ఉన్నాయి, పక్కన లేత తుప్పు. తప్పు నాదే. తోలు తేమను పట్టి ఉంచుతుంది. అందులో వారాల తరబడి పెడితే ఏ పూతకైనా పరీక్షే, చల్ల బ్లూయింగ్ అయితే అసలు తట్టుకోలేదు. ఆ ద్రవం విషం కూడా. ఇంట్లో, అందులోనూ వంటగదిలో, దాన్ని తెరవకండి.

ఇక వేడి బ్లూయింగ్. కాస్టిక్ సోడాను, నైట్రేట్ లవణాలను నీళ్లలో చిక్కగా కలిపి 140 డిగ్రీల చుట్టుపక్కల మరిగిస్తారు. అందులో ముంచితే ఇనుము పైపొరే నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. మామూలు ఎర్ర తుప్పయితే పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ నల్లది మాత్రం ఇనుమును పట్టుకునే ఉంటుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు కాబట్టి కొలతలు మారవు. స్లైడ్ ఫ్రేము మీద ఎంత వదులుగా జరిగేదో అంతే వదులుగా జరుగుతుంది. నంబరు అంచులు పదునుగానే ఉంటాయి. పాత బ్లూయింగ్ తీసేయడానికి పలచటి యాసిడ్ చాలు, గీకక్కర్లేదు. అంటే పదేళ్లకు మళ్లీ వేయించినా లోహం దాదాపు అలాగే ఉంటుంది. నా రెండు ప్రశ్నలకూ ఇంత తేటగా జవాబు చెప్పిన పద్ధతి మరొకటి లేదు.

దీని లోపాలూ చెప్పాలి. ఒట్టి బ్లూయింగ్ తుప్పును ఆపదు. దాని సన్నని రంధ్రాల్లో నిలిచే నూనే ఆపుతుంది. నూనె మరిచిపోయే మనిషికి ఇది పనికిరాదు. అల్యూమినియం భాగం ఆ తొట్టిలో పడితే కరిగిపోతుంది. సీసం టంకంతో అతికించిన, గురి చూసే ముక్క ఉంటే ఊడిపోతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు అసలు నల్లబడదు. కడగడం సరిగ్గా లేకపోతే సందుల్లో ఉప్పు మిగిలి వారం తర్వాత తెల్లగా పూస్తుంది. నీళ్ల దగ్గర మన జిల్లాకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మా బోరు నీళ్లతో కెటిల్ కడిగినా తెల్ల పొర అంటుకుంటుంది. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాంతోపాటు ఉప్పులూ ఎక్కువే. చివరి కడుగుడుకు ఏ నీళ్లు వాడతారని ఉస్తాద్‌ను అడిగాను. "బ్యాటరీ నీళ్లే సార్" అన్నారు. డిస్టిల్డ్ వాటర్ అన్నమాట. ఆ జవాబు విన్నాక మనసు కుదుటపడింది.

పాతకాలం తుప్పు బ్లూయింగ్ గురించి కూడా ఆయనే చెప్పారు. ఇది వింటే నాకు ముచ్చటేసింది. స్లైడ్‌కు పలచటి యాసిడ్ పూసి కావాలనే ఎర్ర తుప్పు పట్టిస్తారు. దాన్ని మరిగే నీళ్లలో వేస్తే ఎరుపు నలుపవుతుంది. పైన లేచిన మెత్తటి పొడిని ఉక్కు పీచుతో మెల్లగా తుడుస్తారు. మళ్లీ తుప్పు, మళ్లీ మరగబెట్టడం. ఇలా ఆరేడు సార్లు చేస్తే సిల్కులాంటి లోతైన నలుపు వస్తుంది. వేడి బ్లూయింగ్ కంటే గట్టిగానూ నిలుస్తుంది. టంకం ఉన్నా భయం లేదు. కాకపోతే గాలిలో తేమ ఉండాలి. మన ఎండాకాలంలో తుప్పే పట్టదు, తడి పెట్టె ఒకటి కట్టుకోవాలి. రోజుల పని. ఇంత ఓపికకు కూలి ఇచ్చేవాళ్లు లేక తను మానేశానన్నారు ఉస్తాద్. పాత రెండు గొట్టాల తుపాకి తాత చేతి నుంచి వచ్చిందనుకోండి, దానికి మాత్రం ఇదే చేయించమంటాను, చేసేవాళ్లు దొరికితే.

ఫాస్ఫేట్ పూత బూడిదరంగులో గరుకుగా ఉంటుంది, నూనెను బాగా పీలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం పిస్టళ్లకు వేసింది ఇదే. పనికి మంచిదే. కానీ నా పిస్టల్ మొదట నిగనిగలాడే నలుపు. దానికి బూడిదరంగు వేస్తే అది వేరే వస్తువైపోతుంది.

క్రోమ్ విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. గట్టి క్రోమ్ పూత నిజంగా గట్టిది. పౌచ్ రాపిడి దాన్ని ఏమీ చేయలేదు. చెమటకూ బెదరదు. కానీ కరెంటుతో పూత వేసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. వెంటనే 190, 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి దాన్ని వెళ్లగొట్టకపోతే గట్టి ఉక్కు పెళుసవుతుంది. తుపాకి పేలిన ప్రతిసారీ దెబ్బ తినేది స్లైడే. ఆ వేడిచేయడం జరిగిందో లేదో మనం బయటనుంచి చూసి చెప్పలేం. పైగా మెరిసే పూత కింద సన్నని పగులు దాక్కుంటుంది. అందుకే ఏ పూతకైనా ముందు, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడే కిటికీ మూలల్లో పగులు ఉందేమో భూతద్దంతో చూపించుకోండి. పగులుంటే ఇక పూత మాట ఎత్తక్కర్లేదు.

చివరికి నిలిచిన పోటీ వేడి బ్లూయింగ్‌కూ బావ చెప్పిన సిరామిక్‌కూ మధ్యే. సిరామిక్ అంటే సిరామిక్ పొడి కలిసిన పాలిమర్ రంగు. జిడ్డు పూర్తిగా తీసి, అల్యూమినియం ఆక్సైడ్ ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి ఉపరితలాన్ని గరుకు చేస్తారు. పైన స్ప్రే చేసి 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలుస్తారు. దాదాపు 25 మైక్రాన్ల మందం వస్తుంది. చెమటను లోపలికి రానివ్వదు, నూనె మరిచినా కాపాడుతుంది, లోతు తక్కువ గుంటలను కొంతవరకు కప్పుతుంది. ఉక్కైనా అల్యూమినియమైనా పట్టుకుంటుంది.

బావకు పెట్రోల్ బంక్ ఉంది. రోజూ రాత్రి నగదు లెక్క అయ్యాక పిస్టల్ నడుముకు కట్టుకునే ఇంటికెళ్తాడు. ఆయన చెమట, ఆయన తిరుగుడు చూస్తే సిరామిక్ సరైన ఎంపికే. నేను కాదనను.

నా లెక్క వేరు. నాది ఏడాదిలో ఎక్కువ రోజులు బీరువాలోనే ఉంటుంది. 25 మైక్రాన్లు స్లైడ్ జరిగే గాడిలో పడితే బిగుసుకుంటుంది, అక్కడ పూత పడకుండా కప్పాలి. నా పిస్టల్ నంబరు లోతుగా కొట్టింది కాదు. ముందు ఇసుక దెబ్బ దాని అంచులను తింటుంది, తర్వాత రంగు దాని లోతును నింపుతుంది. ఇక మూతి దగ్గర పూత చెక్కు లేచిందంటే అక్కడొక్కటే సరిచేస్తే కలవదు. మొత్తం ఇసుకతో లేపి మళ్లీ మొదలుపెట్టాలి. అంటే రెండో ఇసుక దెబ్బ, మూడో ఇసుక దెబ్బ. పాత పిస్టల్‌కు ఇది మంచిది కాదు. బావ పిస్టల్‌ను నేను దగ్గరగా చూశాను. పక్కన ఉన్న అక్షరాలు చదవొచ్చు గానీ వెలుతురుకు వంచి చదవాలి.

2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికల కోడ్‌కు మళ్లీ డిపాజిట్. ఈసారి నూనె రాసి, నూనె బట్టలో చుట్టి, తోలు పౌచ్ లేకుండా ఇచ్చాను. జూన్‌లో తెచ్చుకున్నాక నేరుగా ఉస్తాద్ దగ్గరికి వెళ్లి వేడి బ్లూయింగ్ చెప్పాను. ఇచ్చేముందు నంబరునూ, స్లైడ్ రెండు పక్కలనూ ఫోటో తీసి పెట్టుకున్నాను. ఒకటే మాట అడిగాను: "మోటారు చక్రం పెట్టొద్దు ఉస్తాద్, చేత్తోనే చేయండి." బట్ట చక్రం పెడితే పని తొందరగా అవుతుంది గానీ అంచులు గుండ్రబడతాయి, అక్షరాలు పక్కకు సాగినట్టు అవుతాయి. ఆయన చదునైన చెక్క ముక్కకు రేగ్మాల్ కాగితం చుట్టి, స్లైడ్ పొడవునా ఒకే దిక్కుకు రుద్దారు. నంబరు ఉన్న చోట టేపు అంటించి వదిలేశారు. మచ్చల కింద గుంటలు అనుకున్నదానికంటే లోతుగా తేలాయి. "ఇవి పూర్తిగా పోవాలంటే చాలా గీకాలి సార్, వద్దు" అన్నారు. వద్దనే అన్నాను.

తిరిగొచ్చిన స్లైడ్ కొత్తదిలా లేదు. గుంటల జాడ దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కానీ నలుపు ఒకే తీరుగా, లోతుగా ఉంది. నంబరు ముందున్నంత స్పష్టంగా ఉంది. స్లైడ్ ముందులాగే జారుతోంది.

ఆ అక్టోబరు దసరాకు బావ వాళ్లు మా ఇంటికొచ్చారు. రెండు పిస్టళ్లూ ఖాళీ చేసి, మ్యాగజైన్లు తీసి, పక్కపక్కన పెట్టాం. బావ చాలాసేపు నాదాన్నే చూశాడు. "అందంలో నీదే బావా, కానీ నేనైతే నూనె రాస్తూ కూర్చోలేను" అన్నాడు. నిజమే, ఆయనకు అంత తీరిక లేదు. నేను నెలకోసారి బయటకు తీసి తుడిచి, రెండు చుక్కల నూనె రాసి పెడతాను, పట్టుకున్న ప్రతిసారీ చేతి ముద్రలు తుడుస్తాను.

మా అమ్మ పసుపు కుంకుమ పళ్లెం తెచ్చింది. పిస్టళ్లను బట్టలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి మూత వేశాం. బొట్టును ఆ చెక్కపెట్టె మూతకు పెట్టింది.